అక్క నొక్కిన ఐదు

రండి, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. గడప అవతల నిలబడితే నా మాట సగం మీకు, సగం గాలికి పోతుంది. చేతిలో పని ఉంటే తెచ్చుకోండి, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూడా వినవచ్చు. నేను చదివింది నాలుగో తరగతి దాకానే. కాని ఒకసారి విన్న చప్పుడు నా చెవిలోంచి పోదు. మా బాపు ఎడ్లబండి ఏ గుంతలో పడితే ఎలా కిర్రుమనేదో ఇప్పటికీ చెప్పగలను. అందుకే ఒక చప్పుడు సంగతి చెబుతాను. పోయిన ఏడాది మా బిడ్డ పెళ్ళికి పసుపు దంచిన రోజున ఆ చప్పుడు మాయమైపోయి, మళ్ళీ దొరికింది.

మేముండేది నస్పూర్‌లో, బొగ్గుబావుల కంపెనీ క్వార్టర్లలో. మా ఆయనకు బావిలో పని, ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది. మా అక్క ఉండేది చెన్నూరులో. బస్సెక్కితే గంట దారి. అక్క నాకంటే పదేళ్ళు పెద్దది. మా అవ్వ, అంటే మా అమ్మ, పోయేనాటికి నాకు ఆరేళ్ళు. నా తల దువ్వింది, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుంది, ఉతికిన లంగా తడిగానే వేసుకుని పరుగెత్తితే వెంటపడి కొట్టింది, అంతా అక్కే. అవ్వ దినాల నాడు మా బాపు బంధువులందరి ముందు ఒక మాట అన్నాడు: "ఇగ నా పెద్దబిడ్డ ఊ అంటెనే ఈ ఇంట్ల ఏ పనైనా." అప్పటినుంచి అదే నడిచింది. నా పెళ్ళికి రోట్లో పసుపు పడ్డది అక్క ఊ అన్నాకే. మా ఇంటికి కొత్త పొయ్యి వచ్చినా అక్క ఊ అన్నాకే పాలు పొంగించాను.

ఆ ఊ ఎలాంటిదో మీరు వినలేదు. అక్కది పెద్ద గొంతు. చేను ఈ గట్టున నిలబడి పిలిస్తే ఆ గట్టున మా బావ ఎడ్లతో సహా ఆగిపోయేవాడు. అలాంటి గొంతులో గడ్డ లేచింది. కరీంనగర్‌లో పెద్ద ఆపరేషన్ చేసి మాట పుట్టే పెట్టెనే తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం పెట్టారు, ఊపిరి అందులోంచే. దాని మీద ఎప్పుడూ పల్చటి గుడ్డ కప్పుకుంటుంది. మనిషి దక్కింది, అదే చాలు అనుకున్నాం. వేములవాడ రాజన్నకు కోడెను కట్టి మొక్కు తీర్చుకున్నాం. కాని గొంతు రాలేదు.

అక్కకు రాత రాదు. ఎదురుగా ఉంటే పెదవులు కదిలిస్తుంది, నాకు ప్రతి మాటా తెలుస్తుంది. దూరంగా ఉంటే ఎలా? సెల్‌ఫోన్లో మొహం చూపించి మాట్లాడమంటే ఒప్పుకోదు. మెడ మీది గుడ్డ తెరలో చూడడం ఆమెకు ఇష్టం లేదు. ఇంట్లో పాత ఫోను ఒకటి ఉంది, పెద్ద పెద్ద మీటలది, గోడకు తీగ ఉన్నది. ఆపరేషన్ అయి ఇంటికి వచ్చిన వారానికి నేను ఆ ఫోనుకు చేశాను. అక్క ఎత్తింది. అటునుంచి ఊపిరి తప్ప ఏమీ లేదు. నాకు ఏడుపు ఆగలేదు. వెక్కి వెక్కి ఏడుస్తుంటే హఠాత్తుగా చెవిలో "టూఁ" అని మోగింది. ఉలిక్కిపడి ఏడుపు ఆపాను. మళ్ళీ ముక్కు చీదగానే ఇంకోసారి "టూఁ!" అక్క మీట నొక్కుతోంది. నోరు మూసుకోమంటోంది. ఏడుస్తున్నదాన్ని అలాగే నవ్వేశాను.

ఆ రోజునుంచి మాకో భాష పుట్టింది. ఐదో మీట మీద చిన్న బొడిపె ఉంటుంది, చూడకుండానే వేలికి తగులుతుంది. ఐదు ఒకసారి నొక్కితే ఊ. రెండుసార్లు నొక్కితే కాదు. సున్నా పట్టుకుని వదలకపోతే తిట్టు. ఎంతసేపు పట్టుకుంటే అంత పెద్ద తిట్టు. మూడు, ఆరు, తొమ్మిది వరుసగా జారిస్తే నవ్వు. అందులో ఒక చిత్రం ఉంది. వేలు పైనుంచి కిందికి దిగుతుంటే మోత మాత్రం మెట్లెక్కుతుంది. అక్క నవ్వు అచ్చం అలాగే ఉండేది, కిందినుంచి పైకి. రోజూ పొద్దున నేను మాట్లాడతాను, ఆమె మోగిస్తుంది. కూరలో ఉప్పు ఎక్కువైందని చెబితే సున్నా. మా ఆయన పొగాకు మానేశాడని చెబితే ముందు ఐదు రెండుసార్లు, అంటే నమ్మనని. తర్వాత మూడు, ఆరు, తొమ్మిది.

ఇక పసుపు రోజుకు వస్తాను. కరీంనగర్ సంబంధం కుదిరింది. గురువారం పసుపు దంచుడు. పంతులు సాయంత్రం నాలుగు దాకా మంచి గడియ అన్నాడు, ఆ తర్వాత పెళ్ళి లోపల మంచిరోజు లేదు. అక్క రావడానికి లేదు. పసుపు దంచితే పొడి లేస్తుంది, అది మెడ రంధ్రంలో పడితే ఊపిరి ఆడదని డాక్టరు ముందే చెప్పాడు. పెళ్ళి రోజుకు వస్తుంది, పసుపుకు ఫోనులో ఊ అంటుంది. అలా అనుకున్నాం.

పొద్దున తొమ్మిదింటికల్లా మా వాకిట్లో రోలు కడిగి బొట్లు పెట్టాం. రోకళ్ళకు కంకణాలు కట్టాం. మా లైను క్వార్టర్లనుంచి ముత్తైదువలు ఐదుగురు వచ్చారు. మా ఆయన అక్క, అంటే మా పెద్ద ఆడబిడ్డ, రోలు దగ్గర పెత్తనం తీసుకుంది. నేను ఫోను పీట మీద పెట్టి, అందరికీ వినబడేలా స్పీకరు మీట నొక్కి, చెన్నూరుకు కలిపాను. అక్క ఎత్తింది.

"అక్కా, అందరు వచ్చిన్రు. పసుపు దంచుదమా?"

ఏమీ లేదు.

అటు కుక్కర్ విజిల్ వేసింది. అక్క పెరట్లో కోడిపెట్ట గుడ్డు పెట్టి అరిచింది. పక్కింటి మోటారు కూడా వినబడింది. అక్క మాత్రం వినబడలేదు.

"అక్కా, ఇంటున్నవా? దంచుమంటవా?"

కుక్కర్ ఇంకో విజిల్ వేసింది. రోకళ్ళు గాలిలో పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను మళ్ళీ మళ్ళీ అడిగాను. చివరికి అటు ఠపీమని ఫోను పెట్టేసిన చప్పుడు వచ్చింది. ఆ తర్వాత చేస్తే మోగింది గాని ఎత్తలేదు.

"అలిగింది," అంది ఆడబిడ్డ, రోకలి దించి గోడకు ఆనించి.

"మా అక్క అలగదు వదినె."

"అలగని మనిషి ఉంటదా మర్దలా? నువ్వు సంబంధం ఖాయం చేసినంక చెప్పినవ్, ముందు చెప్పలే. గదే అయి ఉంటది."

"అది గాదు," అంది పక్క క్వార్టర్ ఆమె. "పెండ్లిపిల్ల పెద్దవ్వకు పెట్టే చీర ఆమెను అడగకుంటనే తెచ్చినవట గదా. రంగు నచ్చలేదేమో."

"రంగు చూడనే లేదు, ఎట్ల నచ్చదు?"

"చూడలేదనే అలిగిందేమో!"

అందరూ తలా ఒక కారణం చెప్పారు. ఒకామె అయితే నా పెళ్ళిలో అక్క విస్తట్లో రెండో లడ్డు పడలేదన్న సంగతి కూడా తవ్వి తీసింది. మా బిడ్డ తలుపు దగ్గర నిలబడి అన్నీ విన్నది. పెళ్ళికూతురు ఆ పూట ఎక్కువ మాట్లాడకూడదు, అయినా అంది: "పెద్దవ్వ ఊ అనకుంటే నా పసుపు దంచద్దు." అని లోపలికి వెళ్ళింది.

ఇక నాకు కాలు నిలవలేదు. అక్కకు తెచ్చిన నెమలికంఠం రంగు చీర సంచిలో పెట్టుకున్నాను. ఆడబిడ్డ వెనకనుంచి, "నాలుగు దాటకముందే ఊ అనిపియ్యి, లేకుంటే నేనే దంచుడు షురూ చేస్త," అని అరిచింది. ఆటోలో మంచిర్యాల బస్టాండు, అక్కడినుంచి చెన్నూరు బస్సు. కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా లెక్కపెట్టుకున్నాను, నేను అక్కను ఎక్కడ నొప్పించానా అని. లడ్డు సంగతి కూడా మనసులో మెదిలింది.

వెళ్ళేసరికి అక్క మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుంది. నేను ఫోను చేసినప్పుడు అక్క కోడలు పిల్లను అంగన్‌వాడీలో దింపడానికి వెళ్ళిందట, ఏం జరిగిందో ఆమెకూ తెలియదు. "చిన్నత్తమ్మా, పొద్దున్నుంచి గిట్లనే కూసున్నది. చాయ్ గూడ తాగలే," అంది. బావ చేనుకు వెళ్ళాడు.

నేను ఏమీ అనకుండా చీర తీసి అక్క ఒళ్ళో పెట్టాను. అక్క చీరను చూసింది, నన్ను చూసింది. పెదవులు గబగబా కదిలాయి.

"ఇదెందుకు? ఊ అంటే ఇనవుగాని చీర తెచ్చినవ్!"

"నువ్వెప్పుడు ఊ అన్నవక్కా?"

అక్క రెండు చేతుల వేళ్ళూ చూపించింది. పదిసార్లు! నా చేయి పట్టి లాక్కెళ్ళి, ఫోను ఎత్తి నా చెవికి పెట్టి, ఐదు నొక్కింది. "టూఁ" అని చక్కగా మోగింది. ఇంకోసారి. చక్కగా మోగింది.

"నేను నొక్కుతనే ఉన్న. నువ్వు ఇంటున్నవా, ఇంటున్నవా అని అడుగుతనే ఉన్నవ్. నలుగురిల నన్ను ఆట పట్టిస్తున్నవనుకున్న."

అప్పుడు చూశాను. ఫోను తీగ గోడలోకి పోవడం లేదు. చిన్న తెల్ల పెట్టెలోకి పోతోంది. పచ్చ దీపాలు మిణుకుమిణుకుమంటున్నాయి. ముందు రోజు సాయంత్రం పాత రాగితీగ తీసేసి, ఇంటర్నెట్టు మీద నడిచే లైను పెట్టారని కోడలు చెప్పింది. మా నస్పూర్ ఇంట్లోనూ అలాంటి పెట్టే ఉంది, కాని అది ఇంకో కంపెనీది, ఎప్పుడో పెట్టింది. అక్కడ ఏ ఇబ్బందీ రాలేదు.

నేను ఆ ఫోనునుంచే స్పీకరు వేసి మా ఇంటికి కలిపాను. ఆడబిడ్డ ఎత్తింది. "వదినె, ఇప్పుడు జర జాగ్రత్తగ ఇను," అని చెప్పి ఐదు నొక్కాను. గట్టిగా, రెండుసార్లు. "ఏమన్న ఇనబడ్డదా?"

"నీ మాట గంట కొట్టినట్టు ఇనబడుతుంది. మీ కోడలు గిన్నెలు తోముతుంది, గది గూడ ఇనబడుతుంది."

"ఇంకేం ఇనబడలేదా?"

"ఇంకేం ఉన్నది ఇనబడతందుకు?"

అక్క పక్కనే ఉండి వింటోంది. మెల్లగా మంచం మీద కూర్చుంది. పెదవులు చిన్నగా కదిలాయి: "అయితే పొద్దున్నుంచి నేను లేనట్టే."

నేను పక్కన కూర్చుని ఆమె చేయి పట్టుకున్నాను. "ఎందుకు లేవక్కా? నువ్వు తల ఊపు. నేను ఫోన్ల చెప్త, అక్క ఊ అన్నదని."

అక్క తల అడ్డంగా ఊపింది. "నీ మాట నువ్వు చెప్పుకో. నా ఊ నేనే అంట."

పెట్టె మీద అతికించిన కాగితంలో లైనుమన్ నంబరు ఉంది. ఆయన పక్క ఊళ్ళో పనిలో ఉన్నాడు. వచ్చేసరికి ఒంటిగంట దాటింది. యాభై దాటిన మనిషి. చెన్నూరు వాళ్ళందరికీ ఆయన భాయే. ఒకప్పుడు కాళ్ళకు కొక్కేలు తగిలించుకుని స్తంభాలు ఎక్కి రాగితీగలు ముడివేసిన మనిషి, ఇప్పుడు ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటున్నాడు. సంగతి చెప్పగానే ముందు ఒప్పుకోలేదు.

"అమ్మా, నిన్న నేనే చెక్ చేసిన. హలో అన్న, హలో అని వచ్చింది. ఆవాజ్ మస్తుగుంది."

అక్క పెదవులు కదిలించింది. కోడలు చదివి చెప్పింది: "హలో అనేటోళ్ళకు మస్తుగనే ఉంటదట భాయ్. మా అత్తమ్మ హలో అనదు గదా."

భాయ్‌కి అప్పుడు అర్థమైంది. అక్క మెడ మీది గుడ్డ చూసి, మీటల భాష సంగతి విని, నాలుక కరుచుకున్నాడు. "అరె! గీ మాట నాకు నిన్న ఎవరు చెప్పలే. ఫికర్ చేయకుండ్రి," అని కింద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

ఆయన చెప్పినదంతా నాకు బొగ్గుబావి పోలికతో అర్థమైంది, అలాగే మీకూ చెబుతాను. పాత రాగితీగలో చప్పుడు నీళ్ళలా పారేదట, ఈ చివర పోస్తే ఆ చివర అదే వచ్చేది. కొత్త దారిలో అలా కాదు. మాటను సెకనుకు యాభై ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో డబ్బాలో పెట్టి తోస్తారు. మా ఆయన వాళ్ళు బొగ్గు నింపిన ఇనుప తొట్లకు, టబ్బులంటారు వాటిని, నంబరు బిళ్ళ కట్టి పైకి పంపినట్టు, ప్రతి డబ్బాకూ వరుస నంబరు ఉంటుంది. దారిలో ముందువెనకలైనా, అవతలి పెట్టె కాసేపు ఆగి, నంబర్లు చూసి, వరుసగా పేర్చి మన చెవిలో పోస్తుంది.

"మరి ఐదు టబ్బు ఎటు పోయింది భాయ్?" అని అడిగాను.

ఆయన నవ్వాడు. "చూస్త ఉండు చెల్లె. ముందు ఒకటి చేసి చూద్దం." ఏవో అక్షరాలు కొట్టాడు. "ఇప్పుడు మీట మోతను గూడ మాట తీర్గనే పంపుమని చెప్పిన. కొట్టుండ్రి."

నస్పూర్‌కు కలిపాం. అక్క ఐదు నొక్కింది. అటు ఆడబిడ్డ, "ఓయమ్మో, బురదల కప్ప అరిచినట్టున్నది! గరగర గరగర!" అంది. వెనక ముత్తైదువలు పకపకా నవ్వారు. అక్క ఇంకోసారి నొక్కింది. "ఇప్పుడు రెండు కప్పలు!" అన్నారు.

భాయ్ తల గోక్కున్నాడు. "గీ పెట్టె మాటను పిండి చిన్నగ చేసి పంపుతది. దానికి మనిషి గొంతు ఎరుక. గొంతు ఎట్ల పోతదో, ఎట్ల వంగుతదో తెలుసు, అందుకే ఎంత పిండినా మాట పాడుగాదు. మీట మోత వేరు. ఒక్కో మీటల రెండు స్వరాలు కలిసి మోగుతయ్, అడ్డ వరుసది ఒకటి, నిలువు వరుసది ఒకటి, ఆలుమగలు ఒక్కసారే మాట్లాడినట్టు. పెట్టె దాన్ని గూడ గొంతనుకొని పిండుతది. పిండితే రెండు స్వరాలు చెడిపోతయ్. అది మనిషి గొంతు గాదు గదా."

అక్క పెదవులు మెల్లగా కదిలాయి. ఈసారి కోడలు చెప్పలేదు, నేనే చెప్పాను: "మరి నాది ఏం గొంతు అని అడుగుతుంది భాయ్."

భాయ్ చేతులు మీటల మీద ఆగిపోయాయి. "తప్పయింది అమ్మా," అన్నాడు. ఆ తర్వాత ఆయన పని తీరే మారిపోయింది. కోడలు అన్నం పెడతానంటే వద్దన్నాడు. మంచిర్యాలలో పెద్ద ఇంజనీరుకు ఫోన్ చేశాడు. "సాబ్, మామూలు కేస్ గాదు. గీ ఇంట్ల మీట మోతనే మాట," అని మొదలుపెట్టి చాలాసేపు మాట్లాడాడు. మధ్యాహ్నం రెండు దాటింది. అటు ఆడబిడ్డ పది నిమిషాలకోసారి కోడలి సెల్లుకు ఫోన్ చేసి పొద్దు ఎంత వంగిందో చెబుతోంది.

చివరికి దొరికింది. మీట నొక్కితే ఈ పెట్టె ఆ మోతను పంపదట. మోతను పక్కకు తీసేసి, దాని బదులు ఒక చీటీ రాసి డబ్బాలో వేస్తుంది: 'ఐదు నొక్కారు, ఇంతసేపు నొక్కారు' అని. చీటీ ఎక్కడైనా పోతుందేమోనని అదే సంగతి మళ్ళీ మళ్ళీ రాసి పంపుతుంది. అవతలి పెట్టె చీటీ చదివి, తన దగ్గరే ఐదు మోత కొత్తగా పుట్టించి వినిపించాలి. చీటీ ఉన్న డబ్బాకూ మాట ఉన్న డబ్బాకూ తేడా తెలియడానికి వాటి మీద వేరే గుర్తు నంబరు ఉంటుంది. ఫోను కలవకముందే రెండు పెట్టెలూ, సంబంధం మాట్లాడుకునే పెద్దల్లాగా, ఏ గుర్తు వేద్దామో ఒప్పందానికి రావాలి.

"మీ నస్పూర్ పెట్టె ఒక కంపెనీది, ఇది ఇంకోటి," అన్నాడు భాయ్. "ఇది చీటీ మీద తొంభై ఆరు వేస్తుంది. అది నూటొక్కటి కోసం చూస్తుంది. తొంభై ఆరు వస్తే, ఇదేందో నాది గాదని పక్కకు పారేస్తుంది."

"అంటే మా అక్క పదిసార్లు ఊ అన్నది, పది చీటీలు మా ఇంటి గడప దాక వచ్చినయా?"

"వచ్చినయ్ చెల్లె. ఎవరు చదవలే."

నాకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. మా ఇంట్లో మేమంతా అలక అనుకుని లడ్డు సంగతి తవ్వుతున్నప్పుడు, అక్క ఊ అన్న చీటీలు ఆ పీట పక్క పెట్టెలోనే పడి ఉన్నాయన్నమాట.

భాయ్ తొంభై ఆరు తీసేసి నూటొక్కటి వేశాడు. దీపాలు ఒకసారి ఆరి మళ్ళీ వెలిగాయి. "ఇంకోటి గూడ చేసిన," అన్నాడు. "చిన్న చప్పుళ్ళను ఏం లేదనుకొని వదిలేసెటట్టుండె, అది బంద్ చేసిన. మీ ఊపిరి గూడ పోతది అమ్మా." గోడ గడియారంలో మూడూ ఇరవై.

నస్పూర్ కలిసింది. ఈసారి మాట్లాడాల్సింది నేను కాదు, రోలు దగ్గరున్న వాళ్ళు. ఆడబిడ్డ గొంతు సవరించుకుంది. పొద్దున్నుంచీ అక్క అలిగిందని ఊరంతా చాటిన నోరు, ఇప్పుడు మెత్తబడింది.

"వదినె, నీ బిడ్డ పసుపు. దంచుదమా?"

అక్క చీర కొంగు భుజం మీద సర్దుకుంది, ఎదురుగా వాళ్ళంతా చూస్తున్నట్టే. వేలితో ఐదు మీద బొడిపెను తడిమింది. నొక్కింది. పొట్టిగా కాదు, నిదానంగా, పూర్వం ఆమె ఊ అనేటప్పుడు ఎంతసేపు సాగదీసేదో అంతసేపు.

ఒక్క క్షణం ఏమీ లేదు. డబ్బాలు వరుసలో పేర్చుకోవడానికి పట్టే ఆ క్షణం.

అప్పుడు అటు గోల పుట్టింది. "ఊ అన్నది! ఊ అన్నది!" ఆ వెంటనే రోకలి దెబ్బ, ధడ్! ఇంకోటి, ధడ్! ఐదు రోకళ్ళు ఒకదాని వెంట ఒకటి పడుతున్నాయి. లోపలినుంచి మా బిడ్డ పరుగెత్తి వచ్చి, "పెద్దవ్వా, ఇనబడ్డవ్!" అని ఫోనులో అరిచింది. అక్క కళ్ళు మూసుకుని మూడు, ఆరు, తొమ్మిది జార్చింది. మెట్లెక్కే నవ్వు. ఇంకోసారి జార్చింది. ఆ నవ్వు అటు వినబడి అక్కడ నవ్వులు, ఆ నవ్వులు ఇటు వినబడి ఇక్కడ నవ్వులు.

తర్వాత అక్క ఏదో గుర్తుకొచ్చినట్టు కళ్ళు తెరిచింది. సున్నా మీద వేలు పెట్టి అలాగే పట్టుకుంది. వదలలేదు. భాయ్ లాప్‌టాప్ చూస్తూ, "చీటీ మీద చీటీ పోతనే ఉన్నది," అన్నాడు.

"మర్దలా, ఇదేంది ఇంత పొడుగ్గ మోగుతుంది? మళ్ళ ఖరాబైందా?" అంది ఆడబిడ్డ.

"ఖరాబు గాలే వదినె. నిన్ను తిడుతుంది. అలిగిందని నువ్వన్న మాట అక్కకు చెప్పిన."

"ఓయమ్మ! అంత పెద్ద తిట్టా?"

"ఇంకా అయిపోలే, ఆగు."

ముత్తైదువలు రోకళ్ళు పట్టుకుని విరగబడి నవ్వారట, ఒకామె అయితే రోట్లో పసుపు కిందపోసిందట, తర్వాత చెప్పారు. తిట్టు అయ్యాక అక్క దంపుడుకు తగ్గట్టు ఐదు నొక్కడం మొదలుపెట్టింది. మోత అటు ఒక క్షణం ఆలస్యంగా చేరుతోంది, రోకలి చప్పుడు ఇటు ఇంకో క్షణం ఆలస్యంగా వస్తోంది. మొదట ఏదీ కలవలేదు. అప్పుడు అక్క రోకళ్ళను వినడం మానేసి తన వరుసలో తాను నొక్కుతూ పోయింది, అక్కడి వాళ్ళే దానికి దంచారు. అక్క మోతకు మా వాకిలి నడిచింది. నా బిడ్డ పసుపు దంచుడు నేను కళ్ళతో చూడలేదు. చెన్నూరులో అక్క మంచం మీద కూర్చుని చెవులతో చూశాను. పసుపు వాసన కూడా తగిలినట్టే ఉంది.

భాయ్ అప్పుడు అన్నం తిన్నాడు. తింటుంటే నాకో అనుమానం వచ్చి అడిగాను: "భాయ్, మోత ఇక్కడినుంచి పోదు, మా ఇంటి పెట్టెనే పుట్టిస్తది అన్నవ్ గదా. మరి వాళ్ళు ఇన్నది మా అక్కనా, పెట్టెనా?"

ముద్ద మింగి, నీళ్ళు తాగి చెప్పాడు. "వేలు ఎవరిది?"

"అక్కది."

"ఎంతసేపు నొక్కాల్నో ఎవరి ఇష్టం?"

"అక్కదే."

"మరి ఇంకేంది చెల్లె? పప్పు జరంత పొయ్యి."

అక్క అది విని భాయ్ విస్తట్లో తనే పప్పు పోసింది, నెయ్యి కూడా వేసింది. నేను బస్సుకు బయల్దేరుతూ చీర సంచిలో పెట్టుకోబోయాను. "నువ్వు అలగలేదు గదక్కా, ఇది పెళ్ళినాడు పెడత," అన్నాను. అక్క చీరను చంకలో గట్టిగా ఇరికించుకుంది. పెదవులు చెప్పాయి: "అలగకున్నా చీరొస్తే ఎవరొద్దంటరు? పెళ్ళికి ఇంకోటి తే."

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. వాకిలంతా పసుపు. మా ఆయన షిఫ్టునుంచి వచ్చి చేతులు కూడా కడగకుండా సంగతంతా ఆడబిడ్డ నోట వింటున్నాడు. నేను కాళ్ళు కడుక్కుని మొదట ఫోను ఎత్తాను. "అక్కా, చేరిన," అన్నాను. అటు సన్నగా ఊపిరి వినబడింది, భాయ్ చెప్పినట్టే. ఆ తర్వాత ఐదు, ఒక్కసారి.

ఇంతసేపు నా దగ్గర కూర్చుని విన్నారు, మీరు చల్లగా ఉండాలి. మీ వాకిట్లో రోలు శుభకార్యాలకు పసుపెక్కాలి. మీరు పిలిస్తే మీవాళ్ళు పలకాలి, నోటితో పలికినా వేలితో పలికినా అది మీ చెవిని చేరాలి. మీ ఇంటికి వచ్చిన ఏ ఊ కూడా గడప దగ్గర చదవకుండా పడి ఉండకూడదు. మీ ఇల్లు నిండుగా, నవ్వులు మెట్లెక్కుతూ ఉండాలి.